రైలు మేలా? కారు మేలా? – దేహానికి హితమైన ప్రయాణం

మా ఎర్రగుంట్ల వైద్యశాలకు వచ్చేవారు మందును గురించి ఎంతగా అడుగుదురో, ఈ నడుమ ప్రయాణాన్ని గురించి కూడా అంతగా అడుగుచున్నారు. "అయ్యా, అమ్మను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవలె. రైలులో పోదుమా, కారు మాట్లాడుకుందుమా?" అని ఒకరు. "కూతురికి ఏడవ నెల. హైదరాబాదు నుండి కాన్పుకు తెచ్చుకోవలె. ఏ బండిలో తెస్తే మంచిది?" అని ఇంకొకరు. పూర్వం ఈ ప్రశ్నయే లేదు. కారు ఊరికి ఒకటి రెండిళ్లలో ఉండేది. నేడు మధ్యతరగతి ఇంటి ముందు కూడా కారు నిలిచియున్నది. లేనివారు అద్దెకు మాట్లాడుకొనుచున్నారు. "కారైతే ఇంటి ముందు ఎక్కి ఇంటి ముందు దిగుదుము" అనే ఒక్క సౌకర్యాన్ని చూచి, మిగిలిన విషయాలు ఆలోచింపక బయలుదేరువారే ఎక్కువ.

ఎర్రగుంట్ల వారికి ఈ రెండు మార్గాలును అందుబాటులోనే ఉన్నవి. మద్రాసు రైల్వే వారు వేసిన మా మార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుండి వచ్చిన మార్గంతో కలిసినది. అప్పటినుండి ఇది దక్షిణాదికిని పడమటి దేశానికిని రాజమార్గం. 2016లో జమ్మలమడుగు, బనగానపల్లెల మీదుగా నంద్యాలకు కొత్త రైలుమార్గం తెరచిన తరువాత మా ఊరు నిజమైన కూడలి అయినది. కాచిగూడ నుండి తిరుపతి మీదుగా చిత్తూరు పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కూడా ఈ దారినే పోవును. రోడ్లును విశాలమైనవి. కావున ఏది మేలని అడుగుట సహేతుకమే. ఆయుర్వేద దృష్టితోను, నేటి వైద్యశాస్త్రం తేల్చిన విషయాలతోను ఈ ప్రశ్నను పరిశీలింతము.

రథక్షోభం అంటే ఏమి?

చరక సంహితలో సిద్ధిస్థానం చివర, పంచకర్మ చికిత్స చేయించుకొన్నవాడు తప్పక వర్జింపవలసిన ఎనిమిది విషయాలు చెప్పబడినవి. బిగ్గరగా మాట్లాడుట, అతిగా నడచుట, అతిగా కూర్చుండుట, అజీర్ణంలో భుజించుట, అహితమైన ఆహారం, పగటినిద్ర, స్త్రీసంగమం – వీటి సరసన రథక్షోభం అనే మాట కలదు. రథక్షోభం అనగా వాహనపు కుదుపు.

ఆ కుదుపు వలన కలుగు వికారాల పట్టికను చదివినపుడు నాకు ఎప్పుడును ఆశ్చర్యమే. కీళ్లు సడలుట, దవడ, చెవి, తల నొప్పులు, కడుపులో కలవరం, ప్రేగుల గుడగుడ, ఉబ్బరం, నడుము, వీపు, పిరుదులు, గజ్జల బాధ, మెడ, భుజముల బలహీనత, పాదముల వాపు, తిమ్మిరి. ఎద్దులబండ్లు, గుర్రపు రథాలు తిరిగిన నాటి మాట ఇది. నేడు బెంగళూరు నుండి ఏకబిగిన కారు నడుపుకొని వచ్చినవారు మరునాడు ఉదయం నా వద్ద చెప్పుకొనే బాధలలో ఈ పట్టికలో లేనిది చాల అరుదు.

కారణం సులభం. వాయువునకు చలనం సహజగుణం. చలనం వలననే అది పెరుగును. వాగ్భటాచార్యులు వాతస్థానాలుగా చెప్పినవి పక్వాశయం, నడుము, తొడలు, చెవి, ఎముకలు, చర్మం. ప్రయాణంలో మొదట దెబ్బతినేవి కూడా ఇవే. మలబద్ధకం పక్వాశయంలో, నొప్పి నడుములో, తిమ్మిరి తొడలలో, తలత్రిప్పుట చెవిలోని సమతుల్యపు అవయవంలో, పొడితనం చర్మంలో కనిపించును. దీనికి మా సీమ ఎండయు, రూక్షమైన గాలియు తోడైనపుడు వాతం మరింత ప్రకోపించుననుట వింత కాదు.

దేహసుఖంలో ఏది ఎక్కువ?

రైలుకు ఇనుప పట్టాలు దారి. దాని మలుపులు చాల విశాలమైనవి. బండి ఒక్కమారుగా ఆగదు, ఒక్కమారుగా పరుగెత్తదు. కుదుపు ఉన్నను అది ఒకే లయలో సాగును గనుక దేహం దానికి అలవడును. కారులో అట్లు కాదు. గతుకు, వేగనిరోధకపు దిబ్బ, లారీని దాటుట, బ్రేకు, మలుపు – ప్రతి క్షణం ఒక కొత్త దిక్కునకు దేహాన్ని త్రోయును. మా ప్రాంతపు రోడ్లపై సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు, బూడిద లారీలు ఎడతెగక తిరుగుచుండును. వాటిని దాటుకొనుచు పోవు కారులో కుదుపు ఇంకను అధికం.

ఇంతకంటె ముఖ్యమైన భేదం ఇంకొకటి కలదు. రైలులో మనిషి లేవవచ్చును, నడువవచ్చును, పండుకొనవచ్చును. కారులో ఒకే ఆసనంలో మోకాళ్లు ముడుచుకొని గంటల తరబడి ఉండవలసినదే. శాస్త్రం చెప్పిన అత్యాసనం, అనగా అతిగా కూర్చుండుట, రథక్షోభంతో కలిసి ఒకేచోట లభించునది కారులోనే. మూలవ్యాధికి చెప్పిన కారణాలలో గట్టి ఆసనం, వాహనంపై అధికంగా తిరుగుట, మలమూత్ర వేగాలను ఆపుకొనుట ఉన్నవి. డ్రైవరు వృత్తిలో ఉన్నవారిలో మొలల బాధను నేను తరచుగా చూచుటకు ఇదియే హేతువు.

కారునకు ఉన్న గుణాలను కాదనరాదు. మన ఇష్టం వచ్చినచోట ఆపుకొనవచ్చును. సామాను మోయనక్కరలేదు. ఇంటి భోజనం వేడిగా పెట్టుకొని పోవచ్చును. నడువలేని వృద్ధులను గడపలో ఎక్కించి గడపలో దింపవచ్చును. ఎర్రగుంట్ల నుండి బెంగళూరుకు పులివెందుల, కదిరి మీదుగా రోడ్డు దగ్గర. రైలులో గుత్తి, ధర్మవరం మీదుగా చుట్టు తిరిగిపోవలెను. అటువంటి చోట కారే సుఖం కావచ్చును. అయితే ఈ సుఖమంతయు నాలుగు గంటలలోపు ప్రయాణానికే వర్తించునని నా అనుభవం. ఆపైన కారు ఇచ్చు సౌకర్యాన్ని దేహం నొప్పి రూపంలో తిరిగి చెల్లించును.

నీరు త్రాగని ప్రయాణం

ఈ విషయాన్ని మన ఇండ్లలో ఎవరును పైకి చెప్పుకొనరు. కావున నేను విస్తరించి వ్రాయుచున్నాను. కారులో దూరప్రయాణం అనగానే మన స్త్రీలు ముందునాటి రాత్రి నుండియే నీరు త్రాగుట తగ్గింతురు. దారిలో మరుగుదొడ్డి ఉండదు, ఉన్నను శుభ్రంగా ఉండదు, మగవారిని బండి ఆపుమనుటకు మొగమాటం. అయిదారు గంటలు గొంతు తడుపుకొనక, వచ్చిన వేగాన్ని ఆపుకొని కూర్చుందురు.

చరకుడు ఆపుకొనరాని వేగాలు పదమూడు చెప్పినాడు. వాటిలో మొదటిది మూత్రవేగం. దానిని ఆపుకొన్నవారికి పొత్తికడుపులో నొప్పి, మంటతో బొట్లు బొట్లుగా మూత్రం వచ్చుట, తలనొప్పి, గజ్జలలో బిగువు కలుగునని చెప్పబడినది. నేటి వైద్యులును ఇదే చెప్పుదురు. నిలువయున్న మూత్రంలో సూక్ష్మక్రిములు పెరుగును. నీరు తక్కువైనపుడు మూత్రం చిక్కబడి రాళ్లు ఏర్పడుటకు అవకాశం హెచ్చును. చెమట ఎక్కువగా పోయే మా రాయలసీమ ఎండలలో ఈ అలవాటు చాల ప్రమాదకరం. వేసవి పెండ్లిండ్ల కాలం ముగియగానే మూత్రపు మంటతో స్త్రీలు వైద్యశాలకు వచ్చుట నేను ఏటేట చూచుచున్నాను.

రైలులో ఈ ఒక్క ఇబ్బంది చాలవరకు తప్పును. శుభ్రత మనం కోరినంత లేకపోవచ్చును గాని, పెట్టె చివర మరుగుదొడ్డి ఉన్నదనే ధైర్యమే స్త్రీచేత నీరు త్రాగించును. కారులో పోవలసివస్తే ఇంటి యజమాని చేయవలసిన పని ఒకటి కలదు. రెండు గంటల కొకమారు పెట్రోలు బంకు వద్దనో, మంచి హోటలు వద్దనో బండి ఆపవలెను. ఎవరైనను అడుగువరకు వేచియుండరాదు. అడుగకనే ఆపుట గృహస్థుని ధర్మం.

ప్రయాణానంతరం మూత్రం మంటగా ఉన్నచో ఒక చెంచా ధనియాలు నలగగొట్టి గ్లాసు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగవలెను. పల్లేరుకాయలు పది గ్రాములు నలగగొట్టి రెండు గ్లాసుల నీటిలో మరిగించి ఒక గ్లాసు మిగిల్చి, ఉదయం, సాయంత్రం సగం సగంగా మూడు దినాలు తీసుకొనవచ్చును. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం మానవలెను. జ్వరం, చలి, వెన్నుప్రక్కలలో నొప్పి ఉన్నను, మూత్రంలో రక్తం కనబడినను, గర్భవతులైనను ఇంటిచికిత్సతో ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను.

వాంతి, తలత్రిప్పుట

కారు ఎక్కగానే వాంతి చేసుకొను పిల్లలు రైలులో హాయిగా ఆడుకొందురు. లోపలి చెవి "కదలుచున్నాము" అని చెప్పును, కారు సీటు వెనుక భాగాన్ని చూచుచున్న కన్ను "కదలుట లేదు" అని చెప్పును. ఈ రెండు వార్తల పొత్తు కుదరక వికారం పుట్టును. మలుపులు, బ్రేకులు ఎక్కువైనకొద్దీ బాధ హెచ్చును. తిరుపతి దారిలో కోడూరు దాటిన తరువాత బాలుపల్లె అడవి మలుపులలోను, రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటులోను ఎందరో అనుభవించిన సంగతి ఇది.

అట్టి పెద్దవారు డ్రైవరు ప్రక్క సీటులో కూర్చుండి దూరపు కొండను చూడవలెను. సెల్‌ఫోను, పుస్తకం ముట్టరాదు. ఖాళీ కడుపుతోను, నిండు కడుపుతోను ప్రయాణం కూడదు. బయలుదేరుటకు గంట ముందు ఇడ్లీవంటి తేలిక ఆహారం చాలును. అల్లపు ముక్కను సన్నగా తరిగి నిమ్మరసంలో ఊరవేసి, కొద్దిగా సైంధవ లవణం చల్లి ఆరబెట్టి డబ్బాలో ఉంచుకొని అప్పుడప్పుడు ఒక ముక్క చప్పరించవలెను. వాంతిని అణచు ద్రవ్యాలలో చరకుడు దానిమ్మ, వట్టివేళ్లు, పేలాలు చేర్చినాడు. గుప్పెడు వరి పేలాలను (బొరుగులు కావు) వేడినీటిలో నానవేసి వడగట్టి, చిటికెడు ఉప్పు, కొద్దిగా చక్కెర కలిపి గుక్కగుక్కగా ఇచ్చిన వాంతులైన పిల్లవాడు తేరుకొనును. ఏడాది లోపు శిశువులకు ఇవేవియు పనికిరావు.

కాలు వాచినపుడు

దూరప్రయాణం తరువాత రెండు పాదాలును సమంగా కొద్దిగా వాచి, రాత్రి పండుకొని లేచునప్పటికి తగ్గిపోవుట సాధారణం. కాళ్ల క్రింద దిండు పెట్టుకొన్న చాలును. అయితే వాపులన్నియు ఒకటి కావు.

కొన్నేండ్ల క్రితం యాబది ఏండ్ల వ్యక్తి హైదరాబాదు నుండి తానే కారు నడుపుకొని, భోజనానికి తప్ప దిగక వచ్చినాడు. రెండు దినాల తరువాత ఎడమ పిక్క మాత్రమే వాచి, బిగిసి, తాకితే వేడిగా ఉన్నది. ఇంటివారు మహానారాయణ తైలం ఇమ్మని, బాగుగా మర్దన చేయుదుమని వచ్చినారు. నేను తైలం ఇయ్యలేదు. చేయి పెట్టి రుద్దవద్దని చెప్పి, ఆ దినమే కడపలో ఆసుపత్రికి పంపితిని. పరీక్షలో కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టియున్నదని తేలినది. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణాపాయం. మర్దన వలన అది కదలు భయం కలదు. సకాలంలో చికిత్స జరిగినది గనుక అతడు కోలుకొన్నాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక అధ్యయన ఫలితాలను ప్రకటించినది. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండి చేయు ప్రయాణం వలన ఇట్లు రక్తం గడ్డకట్టు అవకాశం సుమారు రెట్టింపగునని అందులో తేలినది. విమానమే కాదు, కారు, బస్సు, రైలు అన్నిటికిని ఇది వర్తించును. ఆరోగ్యవంతునికి ఈ ప్రమాదం ఎంతో స్వల్పం. ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, బాలింతలు, గర్భవతులు, గర్భనిరోధక మాత్రలు వాడువారు, స్థూలకాయులు, క్యాన్సరు ఉన్నవారు జాగ్రత్త పడవలెను. రైలులో గంట కొకమారు పెట్టె ఈ చివర నుండి ఆ చివరకు నడచినచో ఈ భయం తగ్గును. కారులో కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించుట, పాదాలు త్రిప్పుట చేయవలెను. రెండు గంటల కొకమారు దిగి వంద అడుగులు నడువవలెను.

ఇంటివారందరు గుర్తుంచుకొనవలసిన మాట: ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉన్నచో తైలమర్దనం నిషిద్ధం. దానికి ఆయాసం, ఎదనొప్పి తోడైనచో 108కి ఫోను చేయుటలో ఒక్క నిముషం ఆలస్యం కూడదు.

భద్రత మాట

రైలు ప్రమాదం జరిగినపుడు దేశమంతయు వినును. మా జిల్లాలోనే మంగపట్నం వద్ద 1902లో వరదకు వంతెన కొట్టుకుపోయి మెయిలు బండి పడిపోయి అనేకులు మరణించినారు. 2013 డిసెంబరు 28న అనంతపురం జిల్లా కొత్తచెరువు వద్ద బెంగళూరు–నాందేడు ఎక్స్‌ప్రెస్‌లో మంటలు రేగి 26 మంది అసువులు బాసినారు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా వద్ద 290 మందికి పైగా మరణించినారు. ఇవి మరచిపోరానివి.

రోడ్డు మరణం ఒకటొకటిగా వచ్చును గనుక వినబడదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించినారు. అనగా దినానికి 460 మందికి పైగా. బహనగా వద్ద పోయిన ప్రాణాల కంటె ఎక్కువ ప్రాణాలు మన రోడ్లపై ప్రతి దినం పోవుచున్నవి. వీరిలో ద్విచక్ర వాహనాల వారు, పాదచారులు అధికం. కారులోనివారు ఒక భాగం మాత్రమే. ఐనను మొత్తం మరణాలలో నూటికి డెబ్బది వేగం వలన కలిగినవే. సీటుబెల్టు పెట్టుకొననందున 16,715 మంది మరణించగా అందులో దాదాపు సగం, 8,331 మంది, డ్రైవర్లు కారు, ప్రక్కన, వెనుక కూర్చున్నవారు. "వెనుక సీటు వారికి బెల్టు ఎందుకు?" అని అడుగువారికి ఈ అంకెయే సమాధానం.

మా ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్పుదును. ఆళ్లగడ్డ శాసనసభ్యురాలు భూమా శోభా నాగిరెడ్డి గారు 2014 ఏప్రిల్ 23 రాత్రి ఎన్నికల ప్రచారం ముగించుకొని నంద్యాల నుండి ఇంటికి తిరిగి వచ్చుచుండగా కారు బోల్తాపడి, మరునాడు హైదరాబాదు ఆసుపత్రిలో కన్నుమూసినారు. రోడ్డుపై ఆరబోసిన ధాన్యపు కుప్పను తప్పించబోవుటయే కారణమని అప్పటి పత్రికలు వ్రాసినవి. పంట చేతికి వచ్చిన కాలంలో మన రోడ్లే కళ్లాలగును. కుప్ప చుట్టు పెట్టిన రాళ్లు చీకటిలో కనబడవు. కావున ఆ కాలంలో రాత్రి కారు ప్రయాణం పూర్తిగా మానుట ఉత్తమం.

రాత్రి ప్రయాణంలో ఇంకొక శత్రువు నిద్ర. నిద్ర కూడా ఆపుకొనరాని వేగాలలో ఒకటి. తెల్లవారుజాము రెండు మొదలు అయిదు వరకు దేహం సహజంగా నిద్రకు లొంగును. కాఫీ, పాటలు దానిని కొద్దిసేపు వాయిదా వేయునే గాని జయింపలేవు. జలుబు మాత్రలలో కొన్ని మత్తు కలిగించును. మా వైద్యంలోని ఆసవారిష్టాలలో కూడా పులియుట వలన స్వయంగా పుట్టిన మద్యాంశం కలదు. వాటిని చెప్పిన మోతాదుకు మించి త్రాగి స్టీరింగు పట్టరాదు. రైలులో మనం నిద్రించినను బండిని నడుపువారు మేలుకొనియుందురు. రాత్రి ప్రయాణానికి రైలును నేను చెప్పుటకు ఇదియే ముఖ్య కారణం.

అట్లని రైలులో అపాయం లేదని కాదు. రైలు సంబంధమైన మరణాలలో అధికభాగం కదలు బండి నుండి జారిపడుట, పట్టాలు దాటుట వలన కలుగునవే. పెట్టెలో కూర్చున్నవాడు క్షేమం. తలుపు వద్ద నిలిచినవాడు, కదలు బండిని పరుగెత్తి ఎక్కువాడు క్షేమం కాడు. ఎర్రగుంట్ల వంటి స్టేషన్లలో అనేక బండ్లు ఒకటి రెండు నిముషాలే నిలుచును. వృద్ధులను, సామానును ఎక్కించుట ఆ నిముషంలో జరుగవలెను. కావున పెట్టె ఎక్కడ ఆగునో ముందుగా తెలిసికొని, అరగంట ముందే అక్కడ కూర్చుండవలెను. మొదట వృద్ధులు, పిల్లలు, చివర సామాను. సామాను మిగిలిపోయిన పోనిండు, మనిషి పరుగెత్తరాదు. కారులో అపాయం దారి పొడవున ఉండును, రైలులో ఎక్కుచోట, దిగుచోట ఉండును. ఈ భేదం తెలిసినవాడు రెండింటను క్షేమంగా పోగలడు.

ఎవరికి ఏది హితం?

గర్భవతులు: సుశ్రుతుడు గర్భిణి వర్జింపవలసిన వాటిలో వాహనారోహణాన్ని చేర్చినాడు. నేడు పూర్తిగా మానుట సాధ్యం కాదు. కాన్పుకు తీసుకువచ్చుట ఏడవ నెలకు ముందే ముగించుట మేలు. వైద్యురాలి అనుమతితో రైలులో క్రింది బెర్తుపై ఎడమ ప్రక్కకు తిరిగి పండుకొని వచ్చుట ఉత్తమం. కారు తప్పనిసరియైనచో బెల్టు క్రింది పట్టీ కడుపునకు దిగువగా తొడల మొదళ్ల మీదను, పై పట్టీ స్తనముల నడుమగాను పోవలెను. రక్తస్రావం, మాయ క్రిందకు ఉన్నదని చెప్పబడినవారు ఏ ప్రయాణమును తమంతట తాము నిర్ణయింపరాదు.

వృద్ధులు: దూరానికి రైలే. టికెట్టు కొనునపుడు వయస్సు సరిగా వ్రాయించిన 60 ఏండ్లు దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు, ఖాళీలను బట్టి క్రింది బెర్తు ఇచ్చు ఏర్పాటు కలదు. పై బెర్తు ఎక్కించుట ఎముక విరుచుటకు దారి.

నడుము నొప్పి, తుంటినొప్పి, మొలలు ఉన్నవారు: రైలులో పండుకొని పోవలెను. కారైనచో నడుము వంపునకు చిన్న దిండు ఉంచుకొని గంటన్నర కొకమారు దిగవలెను.

హృద్రోగులు, మధుమేహులు: మందులు చేతిసంచిలోనే ఉండవలెను. భోజన వేళ తప్పరాదు. హఠాత్తుగా చికిత్స అవసరపడవచ్చునని వైద్యుడు అనుమానించిన రోగికి రైలు కాదు, అంబులెన్సే తగును. ఒక స్టేషను నుండి మరొక స్టేషను వచ్చువరకు రైలులో చికిత్స దొరకదు.

పిల్లలు: కారులో ముందు సీటున ఒడిలో కూర్చుండబెట్టుట ముద్దు కాదు, ప్రమాదం. 2019లో సవరించిన చట్టం ప్రకారం పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో ఉండవలెను. నిలిపియుంచిన కారులో పిల్లలను అయిదు నిముషాలైనను విడువరాదు. పది నిముషాలలోనే లోపలి వేడి బయటి కంటె పది డిగ్రీలు హెచ్చును. మా మే నెల ఎండలో దాని ఫలితం ఊహించుకొనవచ్చును.

పంచకర్మ చేయించుకొన్నవారు: చికిత్స ముగిసిన దినమే కారెక్కి ఇంటికి పరుగెత్తువారు తాము పొందిన ఫలాన్ని దారిలోనే పోగొట్టుకొందురు. వైద్యుడు చెప్పిన దినాలు విశ్రమించి, రైలులో నెమ్మదిగా పోవలెను.

ప్రయాణానికి ముందు, తరువాత

బయలుదేరు దినం ఉదయం నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి నడుముకు, తొడలకు, పాదాలకు రాసి పావుగంట తరువాత వేడినీటి స్నానం చేయవలెను. వాతానికి ఇంతకు మించిన కవచం లేదు. మలబద్ధకం ఉన్నవారు త్రిఫలాచూర్ణం ఒక చెంచా గోరువెచ్చని నీటితో రెండు మూడు రాత్రులు ముందు నుండి తీసుకొనవలెను. ప్రయాణపు రాత్రి మొదటిసారి తీసుకొనుట మంచిది కాదు.

దారి భోజనానికి పులిహోర, నేతితో కాల్చిన జొన్నరొట్టె, వేయించిన పేలాలు, ఎండుద్రాక్ష, ఉసిరి వరుగు ప్రశస్తం. రాత్రిపూట పెరుగు శాస్త్రనిషిద్ధం. పలుచని మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసి పగలు త్రాగవలెను. స్టేషనులో మూత లేక అమ్ము పదార్థాలు, దారి హోటలులో నిన్నటి కుర్మా – రెండును ఒకే జాతివి. నీరు ఇంటినుండి కాచి చల్లార్చి తీసుకుపోవుట అన్నిటికంటె మేలు.

ఇల్లు చేరిన తరువాత కడుపు ఉబ్బరంగా ఉన్నచో హింగ్వష్టక చూర్ణం అరచెంచా, నేతితో మొదటి ముద్దలో కలిపి తినవలెను. నడుము పట్టినచో వావిలాకు వేడిచేసి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టవలెను. చేరిన దినం తేలిక భోజనం, త్వరగా నిద్ర. ఒక్క రాత్రి నిద్రతో పోయే అలసటకు మందులు వెదకనక్కరలేదు.

సంగ్రహంగా చెప్పవలెనన్న – నాలుగు గంటలలోపు, పగటివేళ, నడువలేని వారికి కారు. అంతకు మించిన దూరానికి, రాత్రికి, గర్భవతులకు, వృద్ధులకు, నడుము నొప్పి వారికి రైలు. కారు ఎక్కిన ప్రతి ఒక్కరికి బెల్టు, రెండు గంటల కొకమారు విరామం. రైలు ఎక్కిన ప్రతి ఒక్కరికి తలుపునకు దూరంగా ఆసనం, గంట కొకమారు నడక. ఏ బండి ఎక్కినను నీరు మానరాదు, వేగాన్ని ఆపుకొనరాదు, తొందరపడరాదు. ఈ నియమాలను పాటించి మీరును మీ కుటుంబమును క్షేమంగా పోయి, ఆరోగ్యంతో తిరిగి రాగలరని ఆశించుచున్నాను.